తీపి తెలిస్తే చెప్పు

రాచా కొండల్లో, నది మలుపు దగ్గర
సోవియట్ కాలపు ఫ్యాక్టరీ.
కప్పు ఎప్పుడో కూలింది.
పీపాలు మిగిలాయి,
తుప్పు కారుస్తూ, తెల్లటి పొడి కక్కుతూ.
రాయీ పాషాణమే, విషమూ పాషాణమే.
ఇక్కడ పార దిగిన చోట ఏది ఏదో
లేబొరేటరీ కాగితం వచ్చేదాకా చెప్పలేం.

నా పని చిన్నది.
లోపలికి వెళ్ళిన మనిషి
వెళ్ళినట్టే బయటికి రావాలి.
పేరు మ్జెవినార్.
కుర్రాళ్ళు వెనకాల టేపత్త అంటారు.
చేతి తొడుక్కీ చొక్కాకీ మధ్య
గోరంత సందు కనిపించినా
పసుపు టేపు చుట్టందే వదలనని.
ఇద్దరిద్దరే వెళ్ళాలి.
ఎండ ముదిరితే నలభై నిమిషాలే.
బయటికొచ్చేటప్పుడు మూడు తొట్లు,
సబ్బు, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు.
బూట్ల తరవాత సూటు, సూటు తరవాత మాస్కు.
తొందరపడి మాస్కు ముందు పీకేసినవాడికి
నా నోట మంచి మాట రాదు.
లోపల నీళ్ళు తాగకూడదు, ముక్కు గోక్కోకూడదు,
ఏడుపొస్తే ఏడవచ్చు గానీ
కళ్ళు తుడుచుకోకూడదు.
ఈ చివరిది పుస్తకంలో లేదు. నేను చేర్చాను.

సోమవారం పొద్దున్న మల్ఖాజ్ వచ్చాడు.
ఇరవై రెండు రోజుల గడ్డం.
అన్న నోదార్ పోయాడు.
మా వైపు చావింటి మగాళ్ళు
నలభయ్యో రోజు దాకా కత్తి ముట్టుకోరు.
నాకు తెలుసు. మాస్కుకి తెలియదు.

తల మీద ముసుగు దించాను.
కంతలోంచి శాకరిన్ తుంపర కొట్టాను.
"తల ఎడమకి. కుడికి. పైకి. కిందికి.
అంకెలు లెక్కపెట్టు. తీపి తెలిస్తే చెప్పు."
ఈ పరీక్షలో తీపి తగిలినవాడు ఓడినట్టు.
పదకొండు దగ్గర ఆగాడు.
అబద్ధమాడొచ్చు. చాలామంది ఆడతారు,
రోజు కూలీ పోతుందని
తీపిని నాలుక కింద దాచుకుంటారు.
"తియ్యగా ఉంది" అన్నాడు.

"ఒక్క వెంట్రుక సందు చాలు, మల్ఖాజ్."
"అన్నయ్యకి అసలు మాస్కే లేదు,
తడిగుడ్డ కట్టుకునేవాడు.
షిఫ్టు దిగాక అరలీటరు పాలు ఇచ్చేవారు,
విషానికి విరుగుడని.
తను తాగేవాడు కాదు. సీసా చంకన పెట్టుకుని
కొండెక్కి తెచ్చేవాడు.
నేను తాగేవాణ్ణి."

పాముకి పాలు పోశారనడం విన్నాను.
ఇక్కడ కాటు పడినవాడికి పోశారు,
అదీ పాము ఇంకా కరుస్తుండగానే.
ఆ పాలతో పెరిగిన మనిషి
నా ముందు స్టూలు మీద కూర్చుని
గడ్డం నిమురుకుంటున్నాడు.

"గీసేసుకో" అనే మాట నోటిదాకా వచ్చింది.
రూలు నా వైపే ఉంది.
మింగేశాను.
కంచె బయట కుర్చీ వేసి
గడియారమూ రిజిస్టరూ చేతికిచ్చాను.
ఎవరు ఎన్నింటికి లోపలికి, ఎన్నింటికి బయటికి,
వచ్చినవాడి నాడి ఎంత కొట్టుకుంటోంది.
పద్ధెనిమిది రోజులు రాశాడు.
ఎవడైనా నలభై ఒకటో నిమిషంలోకి జారితే
ఈల ఊదేవాడు,
అవతలి కొండ మీద ఆవులు తలెత్తేలా.
అంత గట్టిగా ఎందుకని అడిగితే
అన్నయ్య షిఫ్టుకి ఈల ఉండేది కాదన్నాడు.

నలభై ఒకటో రోజు వచ్చాడు.
ఎండ చూడని తెల్లటి బుగ్గలు,
చుబుకం మీద రెండు కత్తిగాట్లు.
గాట్లు మానేదాకా లోపలికి పంపనన్నాను.
ఇన్నాళ్ళకి నవ్వాడు.
ఇంకో మూడు రోజులు ఈల ఊదాడు.

మళ్ళీ ముసుగు. మళ్ళీ తుంపర.
ఎడమకి. కుడికి.
పదకొండు దాటింది. యాభై దాటింది.
"ఏమీ తెలియట్లేదు" అన్నాడు,
గొంతు ఎక్కడో పట్టేసినట్టు.
"అదే కావాలి" అన్నాను.
మణికట్టు చుట్టూ టేపు మూడుసార్లు తిప్పాను.
అవసరం లేకపోయినా
ఇంకోసారి తిప్పాను.